చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకు ఏ పుస్తకం కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబర్ వచ్చిందంటే హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఆ రెండు నెలలూ నాకు ఫోన్లు ఎక్కువ. "మావయ్యగారికి చరిత్రంటే ఇష్టం, ఏం కొనమంటారు?" అని స్టాలు ముందు నిలబడే అడుగుతారు. వెనక మైకులో ఎవరిదో ఆవిష్కరణ సభ సాగుతూ ఉంటుంది, సగం మాటలు వినపడవు. అలా ఏళ్ల తరబడి అరిచి చెప్పిన జవాబులనే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాదు. పుస్తకాలు కొనుక్కుని చదువుకునే మనిషిని, అంతే.

చరిత్రంటే ఇష్టపడేవాళ్లకు ఒక మంచి పుస్తకం పేరు చెప్పండి.

ముందు ఆ మనిషి గురించి మీరు చెప్పండి. "చరిత్రంటే ఇష్టం" అనడం "తిండంటే ఇష్టం" అన్నట్టే. పులిహోరా, బిర్యానీనా తెలియకుండా ఏం వడ్డిస్తాం? కొందరికి యుద్ధాలు కావాలి: ఏ సైన్యం ఎటు నుంచి వచ్చింది, కోట తలుపు ఎవరు తీశారు. కొందరికి గుళ్లు, శాసనాలు, నాణేలు. కొందరికి ముత్తాతల కాలంలో జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో కావాలి. ఇంకో రకం ఉంటారు, వాళ్లకు వాదన కావాలి. నిజాం పాలన ముగిసిన 1948 సెప్టెంబర్ 17ని ఏమని పిలవాలి అన్న ప్రశ్న వేస్తే భోజనం చల్లారిపోయినా లేవరు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. మా పెదనాన్నగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి భారతదేశ చరిత్ర రెండు వాల్యూములు కొనిచ్చాను. తూకం వేస్తే రెండు కిలోలు తక్కువ ఉండదు. ఆయన పైనున్న కవరు నిమిరి, "మంచి పుస్తకం రా" అని బీరువాలో పెట్టారు. మరుసటి ఏడు వెళ్తే మంచం పక్కన వేరే పుస్తకం ఉంది. పల్చటిది, అట్ట ఊడిపోతే పురికొసతో కట్టుకున్నారు. వాళ్ల తాలూకాలో గుళ్ల గురించి రిటైరైన మాస్టారొకరు సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నది. మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు: "ఇది తప్పు", "ఈ చెరువు మా చిన్నప్పటికే పూడింది", "మాస్టారు ఇక్కడికి వెళ్లి ఉండరు". నా రెండు వాల్యూముల ప్లాస్టిక్ కవరు మాత్రం అలాగే ఉంది.

అప్పటి నుంచి ఎవరడిగినా పెద్ద చరిత్ర కంటే దగ్గరి చరిత్ర కొనమనే చెబుతున్నాను. వాళ్ల ఊరు, వాళ్ల జిల్లా, వాళ్ల తాత చూసిన కాలం. చదివేవాడు తప్పు పట్టగలిగిన పుస్తకమే మంచం దాకా వస్తుంది.

ఏ రకమో ఆయన్నే అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది కదా?

పుస్తకం సంగతి ఎత్తకండి. "మన ఊరికి ఆ పేరెలా వచ్చింది?" అని ఊరికే అడగండి. జవాబులో రాజు వస్తే ఒక రకం, దేవుడు వస్తే ఒక రకం, కరణంగారి దస్త్రం వస్తే ఇంకో రకం. ఇంట్లో పుస్తకాల అల్మరా ఉంటే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఉన్నదే మళ్లీ కొనే గొడవ కూడా తప్పుతుంది.

అవన్నీ కుదరవు, మనిషి పెద్దగా తెలియదు. ఒక్కటంటే ఒక్కటే చెప్పమంటే?

తెలుగు చదివే మనిషైతే సురవరం ప్రతాపరెడ్డిగారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర". 1949లో మొదటిసారి వచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డులు 1955లో మొదలైతే తెలుగులో తొలి అవార్డు దీనికే ఇచ్చారు. అప్పటికి రెండేళ్ల ముందే రచయిత పోయారు.

నాకు ఇది ఎందుకిష్టమో చెప్తాను. ఆయన రాజుల వరసను పక్కన పెట్టి కావ్యాలు, శతకాలు, సామెతలు ముందేసుకుని కూర్చున్నారు. కవులు వర్ణన కోసం రాసుకున్న పద్యాల్లోంచి మామూలు మనుషుల బతుకును ఏరారు. ఆయనకు బాగా పనికొచ్చిన వాటిలో "క్రీడాభిరామం" ఒకటి. ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు స్నేహితులు తిరుగుతూ చూసిందల్లా చెప్పుకునే కావ్యం. అందులో పూటకూళ్ల ఇంటి భోజనం మీద ఒక పద్యం ఉంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, పెరుగు, అంతా కలిపి ఒక రూక, అంటే అప్పటి నాణెం. ఆ ఇల్లు ఎవరిదో పేరుతో సహా ఉంటుంది. ఇవాళ మెస్ బయట కట్టిన బోర్డుకీ దీనికీ తేడా ఏముంది? ఆరువందల ఏళ్ల కిందటి మీల్స్ టికెట్ అది. కాకతీయుల వంశవృక్షం ఎన్నిసార్లు బట్టీపట్టినా నాకు నిలవలేదు గానీ ఆ పెసరపప్పు మాత్రం మర్చిపోలేదు.

లోపాలు లేవని కాదు. సురవరంగారికి అభిప్రాయాలు గట్టివి, వాటిని దాచుకోరు. కావ్యంలో ఉన్నది ఉన్నట్టుగా సమాజంలోనూ ఉండేదని కొన్నిచోట్ల తేలిగ్గా అనుకున్నారేమో అనిపిస్తుంది. ఆ పోట్లాట కోసమైనా చదవాలి.

పాత పుస్తకాల్లో రాసినవన్నీ ఇప్పటికీ నిజమేనా?

కావు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ రుద్రమదేవి.

మార్కో పోలో మోటుపల్లి రేవు వైపు వచ్చినప్పుడు ఈ కాకతీయ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందనీ, ఆమె పోయిన రాజుగారి భార్య అనీ రాసుకున్నాడు. ఆ మాట పట్టుకుని ఒకప్పుడు కొందరు రుద్రమను గణపతిదేవుడి భార్యగా రాశారు. శాసనాలు చదివాక ఆమె కూతురని తేలింది. ఆమె 1295 దాకా ఏలి, మనవడు ప్రతాపరుద్రుడికి రాజ్యం అప్పగించిందని చాలాకాలం పుస్తకాల్లో ఉండేది. తర్వాత నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం బయటపడింది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు వేయించినది. రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలిగిందని అందులో ఉంది. తేదీ 1289 నవంబర్. ఇద్దరూ ఒకేసారి పోయారంటే అది యుద్ధంలోనే అయి ఉండాలనీ, ఆ యుద్ధం ఎదురు తిరిగిన సామంతుడు కాయస్థ అంబదేవుడి మీదే అయి ఉండాలనీ చరిత్రకారులు ఊహించారు. శాసనంలో అంబదేవుడి పేరు లేదు, యుద్ధం మాటా లేదు. ఇక్కడి దాకా రాయి చెప్పింది, ఇక్కణ్ణుంచి మేం ఊహిస్తున్నాం అని గీత గీసి చూపించే పుస్తకం మంచి పుస్తకం.

అందుకే కాకతీయుల మీద పుస్తకం కొనేటప్పుడు నేను నేరుగా రుద్రమ అధ్యాయం తీస్తాను. 1289 మాటే లేకుండా 1295 అని ఊరుకుంటే ఆ రచయిత యాభై ఏళ్ల నాటి పుస్తకాన్ని చూసి రాసినట్టే. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి కాకతీయుల చరిత్ర 1978లో ఇంగ్లీషులో వచ్చింది. ఆ తర్వాత రాసేవాళ్లు దాన్ని చూడకపోతే ఎలా?

అలాగని పాతవి పారేయక్కర్లేదు. చిలుకూరి వీరభద్రరావుగారి "ఆంధ్రుల చరిత్రము" మొదటి భాగం 1910లో వచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావుగారి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వేసింది. తేదీలు చాలా మారిపోయాయి, భాష గ్రాంథికం. కానీ మనకూ ఒక చరిత్ర ఉందని తెలుగులో చెప్పడానికి ఆ తరం పడ్డ ఆరాటం పేజీ పేజీలో తెలుస్తుంది. గ్రాంథికం హాయిగా చదివే పెద్దవాళ్లుంటే వాళ్లకు ఇవ్వండి. కుర్రాళ్లకు వద్దు, మూడో పేజీలో వదిలేస్తారు.

కొట్లో పది నిమిషాలు నిలబడి మంచి పుస్తకమో కాదో ఎలా తేల్చుకోవాలి?

అట్ట మీద కత్తి పట్టుకున్న రాజు బొమ్మను చూసి మోసపోకండి. తిప్పి, లోపల ముద్రణల పేజీ చూడండి. "2023" అని పెద్దగా ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో మొదటి ముద్రణ 1962 అని ఉంటుంది. పునర్ముద్రణ అయితే తప్పేం లేదు, మనం ఏం కొంటున్నామో తెలిస్తే చాలు.

తర్వాత మీకు కాస్త తెలిసిన సంగతి ఒకటి తీయండి. మీ ఊరు, మీ జిల్లా కోట, ఏదైనా సరే. అక్కడ రచయిత తనకు ఎలా తెలిసిందో చెప్తున్నాడా? ఫలానా శాసనం, ఫలానా గెజిట్, ఫలానా ముసలాయన చెప్పిన మాట, ఏదో ఒకటి ఉండాలి. "చరిత్రకారుల ప్రకారం" అని ఊరుకుంటే ఏ చరిత్రకారులు బాబూ అని అడగాలనిపిస్తుంది. "బహుశా", "చెప్పలేం", "ఇంకొక వాదన ఉంది" లాంటి మాటలు కనిపిస్తే నాకు నమ్మకం పెరుగుతుంది. ప్రతి వాక్యమూ ఆశ్చర్యార్థకంతో ముగిస్తే, "మీకు తెలియకుండా దాచిన రహస్యం" అని వెనక అట్ట మీద ఉంటే, ఆ సరుకు మన వాట్సాప్‌లో రోజూ ఉచితంగా వస్తూనే ఉంది.

మ్యాపు ఉందా చూడండి. మన పుస్తకాల్లో ఇది పెద్ద కరువు. ద్రాక్షారామం నుంచి ఓరుగల్లు ఎంత దూరమో తెలియకుండా ఆ దారిన సాగిన దండయాత్ర ఏం అర్థమవుతుంది? చివర పేర్ల సూచిక ఉంటే ఇంకా మంచిది.

అచ్చుతప్పులు రెండు పేజీల్లో ఐదు దాటితే పెట్టేయండి. పేర్లలో తప్పు దొర్లితే సరిపెట్టుకోవచ్చు గానీ సంవత్సరాల్లో దొర్లితే మనకు తెలిసే దారి లేదు.

రాజులు, యుద్ధాలు ఇష్టం లేనివాళ్లకు?

అసలు మజా అంతా ఇక్కడే ఉంది. ఏనుగుల వీరాస్వామయ్యగారి "కాశీయాత్ర చరిత్ర" కొనండి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే మాటలు తర్జుమా చేసే ఉద్యోగి. 1830 మే 18న పరివారంతో, పల్లకీలతో మద్రాసులో బయల్దేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్లి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. రైలు లేదు, పక్కా రోడ్డు లేదు. దారి పొడవునా చూసింది చూసినట్టు స్నేహితుడికి రాస్తూ పోయారు. ఎక్కడ నీళ్లు మంచివి, ఏ ఊళ్లో బియ్యం దొరుకుతాయి, ఏ ఏరు ఎలా దాటాలి, ఎక్కడ దొంగల భయం. ఆయన పోయాక 1838లో పుస్తకంగా వచ్చింది. దిగవల్లి వేంకట శివరావుగారు నోట్సు చేర్చి 1941లో మళ్లీ వేయించారు. ఆ నోట్సు ఉన్న ముద్రణే తీసుకోండి. భాష మొదట్లో కాస్త అడ్డుపడుతుంది. ఇరవై పేజీలు ఓపిక పడితే ఆయన పక్కనే నడుస్తున్నట్టు ఉంటుంది.

ఆత్మకథలు కూడా ఈ కోవలోకే వస్తాయి. కందుకూరి వీరేశలింగంగారి "స్వీయ చరిత్రము", టంగుటూరి ప్రకాశంగారి "నా జీవిత యాత్ర". ప్రకాశంగారి పుస్తకంలో రాజకీయాల కంటే రాజమండ్రి వకీలు రోజులే నాకు నచ్చాయి.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. "మనకు తెలియని మన చరిత్ర". తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను స్త్రీ శక్తి సంఘటన వాళ్లు కలిసి, వాళ్ల మాటల్లోనే రికార్డు చేసి 1986లో తెచ్చారు. అడవిలో పసిపిల్లను ఏం చేశారు, పోరాటం ఆగాక ఇంటికొస్తే కమ్యూనిస్టు పార్టీ ఏమంది, ఊరు ఏమంది, ఈ ప్రశ్నలు ఏ నాయకుడి పుస్తకంలోనూ ఈ తీరుగా లేవు. మా అమ్మ చరిత్ర పుస్తకం అంటే ఆమడ దూరం వెళ్లేది. దీన్ని మాత్రం రెండు రోజుల్లో పూర్తిచేసి, తన పెద్దమ్మ సంగతులు నాకు మొదటిసారి చెప్పింది.

తెలంగాణ పోరాటం, నిజాం, 1948 గురించి ఏది నిష్పక్షపాతంగా ఉంటుంది?

అలాంటిది వెతక్కండి, దొరకదు. విమోచనమా, విలీనమా, విద్రోహమా అన్న మాట దగ్గరే రచయిత ఎటు నిలబడ్డాడో తెలిసిపోతుంది. ఒకటి కొనకుండా ఎదురెదురుగా నిలబడే రెండు కొనండి, ధర పెరిగినా సరే.

పుచ్చలపల్లి సుందరయ్యగారిది ఒకటి, రావి నారాయణరెడ్డిగారి జ్ఞాపకాలు ఒకటి. ఇద్దరూ ఆ పోరాటాన్ని నడిపినవాళ్లే. భారత సైన్యం వచ్చాక కూడా తుపాకీ పట్టుకుని ఉండాలా అన్న దగ్గర విడిపోయారు. నారాయణరెడ్డిగారు దించేద్దామన్నారు. పోరాటం చివరికి 1951 అక్టోబర్‌లో ఆగింది. ఆ మూడేళ్ల గురించి ఇద్దరూ రాసింది పక్కపక్కన పెట్టి చదివితే చరిత్ర ఎలా తయారవుతుందో కళ్లముందు కనిపిస్తుంది.

ఇంగ్లీషు చదివేవాళ్లయితే ఇంకా గమ్మత్తయిన జోడీ ఉంది. అప్పట్లో హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ ఒక పుస్తకం రాశారు. నిజాం ఆఖరి ప్రధాని మీర్ లాయక్ అలీ కూడా రాశారు. ఒకే ఊరు, అవే నెలలు, అవే సమావేశాలు. ఒకరి పుస్తకంలో పెద్దమనిషిగా కనిపించేవాడు రెండోదాంట్లో కుట్రదారు. వాదన ఇష్టపడే మావయ్యలకు ఇంతకంటే మంచి కానుక నాకు తోచలేదు. ఇచ్చాక ఆదివారం వాళ్లింటికి వెళ్లేటప్పుడు టైమ్ పెట్టుకుని వెళ్లండి.

హంపి, శ్రీకృష్ణదేవరాయలు అంటే ప్రాణం. ఏమివ్వాలి?

రాయల్ని కళ్లారా చూసినవాడి మాటలు ఇవ్వండి. పోర్చుగీసు వాడు డొమింగో పాయిస్ 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చాడు. తర్వాత ఒక పదిహేనేళ్లకు నూనిజ్ అనే గుర్రాల వర్తకుడు. వీళ్ల రాతల్ని మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన రాబర్ట్ సూయల్ ఇంగ్లీషులోకి తెప్పించి 1900లో తన విజయనగర చరిత్రతో కలిపి వేశాడు.

పాయిస్ చూసిన రాయలు మన సినిమా రాయలు కాదు. మధ్యస్థంగా ఉండే ఎత్తు, మంచి రంగు, కాస్త బొద్దుగా ఉంటాడట, మొహం మీద మశూచి మచ్చలు. తెల్లవారక ముందే లేచి నువ్వుల నూనె తాగుతాడు. ఒళ్లంతా నూనె పట్టించుకుని, బరువులు ఎత్తి, కత్తి సాము చేసి, ఆ తాగిన నూనె చెమటగా బయటికొచ్చేదాకా ఆగడు. తర్వాత కుస్తీ, ఆ తర్వాత గుర్రం ఎక్కి తెల్లారేదాకా స్వారీ. ఆ మచ్చల మొహం చూశాక ఆముక్తమాల్యద మళ్లీ చదివితే నాకు వేరేగా వినిపించింది.

సూయల్ సొంతంగా రాసిన భాగంతో మాత్రం కొంచెం జాగ్రత్త. విజయనగరం దక్కన్ సుల్తానుల చేతిలో ఓడిన 1565 యుద్ధాన్ని ఆయన రెండు మతాల పోరుగా గీశాడు, చాలామంది అదే బాట పట్టారు. తర్వాతి చరిత్రకారులు, ముఖ్యంగా రిచర్డ్ ఈటన్, ఆ యుద్ధంలో విజయనగరాన్ని నడిపించిన అళియ రామరాయలు యవ్వనంలో గోల్కొండ సుల్తాను కొలువులో పనిచేసిన సంగతీ, సుల్తానుల తగాదాల్లో వేలు పెట్టి ఒకరిని ఇంకొకరి మీదికి ఎగదోసిన సంగతీ ముందుకు తెచ్చారు. పాయిస్, నూనిజ్‌ల భాగాలు మాత్రం కళ్లు మూసుకుని కొనచ్చు.

చారిత్రక నవల ఇస్తే చరిత్ర ఇచ్చినట్టేనా?

కాదు, కానీ ఇవ్వచ్చు. అడివి బాపిరాజు "గోన గన్నారెడ్డి" చదివి కాకతీయుల పిచ్చిలో పడ్డవాళ్లు నాకు తెలిసే అరడజను మంది ఉన్నారు. నోరి నరసింహశాస్త్రి "నారాయణభట్టు" చదివితే నన్నయ కాలం రాజమహేంద్రవరంలో కొన్నాళ్లు ఉండి వచ్చినట్టుంటుంది. వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి", దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" రాసినవాళ్లు ఆ కాలంలో బతికినవాళ్లు. వాటిని నేను నవలల అరలో కంటే చరిత్ర అరలోనే పెట్టుకున్నాను.

శాసనాలంటే పడిచచ్చే మనిషికి మాత్రం నవల ఇవ్వకండి. మొదటి పేజీలోనే "అప్పటికి మిరపకాయ మన దేశానికి రాలేదండీ" అంటారు.

సొంత ఊరి చరిత్ర కావాలంటే ఎక్కడ వెతకాలి?

మొదట కైఫియత్తులు. రెండువందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ అనే కంపెనీ అధికారి ఊరూరా మనుషుల్ని పంపి, కరణాల దగ్గరున్న లెక్కలు, గుడి కథలు, శాసనాల నకళ్లు, పెద్దల నోటిమాటలు రాయించాడు. ఆ పని భుజాన వేసుకున్నది మన ఏలూరు వాళ్లు, కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. మెకంజీ 1821లో పోయాడు. ఆ కాగితాల్లో చాలాభాగం మద్రాసు చేరింది, సి.పి. బ్రౌన్ మళ్లీ నకళ్లు రాయించి పెట్టాడు. కడపలో ఆయన పేరుతోనే ఉన్న పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను అచ్చులోకి తెచ్చింది.

కైఫియత్తు అంతా నిజం అనుకోకూడదు. ఫలానా రాజు కలలో దేవుడు కనిపించాడు, తెల్లారి చెరువు తవ్వించాడు అని ఉంటుంది. కానీ దాని కిందే ఏ పొలం ఎవరికి మాన్యం ఇచ్చారో, హద్దులో ఏ చింతచెట్టు ఉందో ఉంటుంది. ఊరి మనిషికి ఆ చింతచెట్టు చాలు.

అచ్చులో దొరక్కపోతే పాత జిల్లా గెజిటీర్లు, దేవస్థానాల స్థల చరిత్రలు, ఆ ఊరి హైస్కూలు వజ్రోత్సవ సంచికలు వెతకండి. నవ్వకండి, సంచికల్లోనే ఎక్కడా లేని ఫొటోలు ఉంటాయి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం లాంటిచోట్ల ఒక పూట కూర్చోండి. పుస్తకం దొరికితే జిరాక్సు తీయించి చక్కగా బైండింగ్ చేయించి ఇచ్చినా అది కానుకే, కాపీరైటు దాటినదైతే చాలు.

గ్రూప్స్‌కి చదివే పుస్తకాలు ఇవ్వచ్చా?

పరీక్ష రాసేవాడికి ఇవ్వండి. బి.ఎస్.ఎల్. హనుమంతరావుగారి "ఆంధ్రుల చరిత్ర" ఒక్కటి మినహాయింపు. కోచింగ్ సెంటర్ల బల్లల మీద నలిగిపోయింది గానీ పరీక్ష లేనివాళ్లు కూడా చదవదగ్గ పుస్తకం అది.

పిల్లలకు?

బొమ్మలు, మ్యాపులు ఉన్నది చిన్నది ఒకటి కొని, దాన్లో ఉన్న చోటికి తీసుకెళ్లండి. నాగార్జునకొండ గురించి చదివించి, సాగర్‌లో లాంచీ ఎక్కించి, "ఈ నీళ్ల కింద ఒక రాజధాని ఉందిరా, డ్యామ్ కట్టేముందు తవ్వి రాళ్లు రాళ్లుగా పైకి తెచ్చారు" అని చెప్పండి. మా అన్నయ్య కొడుకు లాంచీ అంచు మీంచి కిందికి చూస్తూనే ఉన్నాడు. వచ్చాక ఆ పుస్తకం వాడే వెతుక్కుని తీశాడు.

మా అబ్బాయి డాలస్‌లో పెరిగాడు, తెలుగు చదవలేడు. వాడికేం పంపాలి?

రిచర్డ్ ఈటన్ దక్కన్ చరిత్ర ఒకటి 2005లో వచ్చింది. ఎనిమిది మంది జీవితాల మీదుగా నాలుగువందల ఏళ్ల చరిత్ర చెప్తాడు. ఆ ఎనిమిది మందిలో ప్రతాపరుద్రుడు ఉన్నాడు, అళియ రామరాయలు ఉన్నాడు, మన సర్వాయి పాపన్న ఉన్నాడు. కల్లుగీత కులంలో పుట్టి, కోటలు కట్టి, 1708లో ఓరుగల్లునే కొల్లగొట్టిన పాపన్నకు రాజుల పక్కన సమానంగా ఒక అధ్యాయం ఇచ్చారు. వాళ్ల తాత పాడిన పాటలోని మనిషి అమెరికా ప్రొఫెసర్ పుస్తకంలో ఎదురైతే ఆ కుర్రాడికి ఎలా ఉంటుందో చూడండి. తేలిగ్గా సాగిపోయేది కావాలంటే మను పిళ్లై "రెబెల్ సుల్తాన్స్". ప్రేమకథ కూడా ఉండాలంటే హైదరాబాదు రెసిడెన్సీ నేపథ్యంలో విలియం డాల్రింపుల్ "వైట్ మొఘల్స్".

ఉచితంగా దొరికేవి కొనడం ఎందుకు?

నిజమే, మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు దాటితే కాపీరైటు పోతుంది. సురవరంగారు 1953లో పోయారు, అంటే 2014 నుంచి ఆయన రాతలు అందరివీ. తెలుగు వికీసోర్స్‌లో, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఇలాంటి పాత పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. మీ కోసమైతే దించుకోండి. డెబ్బై దాటిన మనిషికి పీడీఎఫ్ లింకు పంపడం కానుక అనిపించుకోదు.

పెద్దవాళ్లకు కొనేటప్పుడు అక్షరం సైజు తప్పక చూడండి. ఇది ఎవరూ అడగరు, నేనే చెప్తున్నాను. ఎంత గొప్ప పుస్తకమైనా అక్షరాలు చీమల్లా ఉంటే నాలుగో రోజుకు బీరువా ఎక్కుతుంది. బరువు కూడా చూడండి. పడుకుని చదివేవాళ్లకు ఆరువందల పేజీల గట్టి అట్ట గుండెల మీద కుంపటే.

పాత పుస్తకాల కొట్లో కొనచ్చా?

బేషుగ్గా. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్లో మంచివి దొరుకుతాయి. కానీ అక్కడే పేజీలు లెక్కపెట్టుకోండి. నేనొకసారి వెతగ్గా వెతగ్గా దొరికిన పుస్తకాన్ని బేరమాడకుండా కొనుక్కొచ్చాను. రాత్రి చదువుతుంటే 112 తర్వాత 129. ఒక ఫారం మొత్తం, పదహారు పేజీలు, కుట్టడమే మర్చిపోయారు. కోట ముట్టడి సరిగ్గా అక్కడే మొదలైంది. నాలుగేళ్ల తర్వాత ఒక లైబ్రరీలో అదే పుస్తకం కనిపిస్తే నిలబడే ఆ పదహారు పేజీలూ చదివి, ఫోన్లో ఫొటోలు తీసుకుని వచ్చాను.

ఇచ్చాక చదవకపోతే?

రెండు నెలలు అడక్కండి. తర్వాత మీరే ఆ పుస్తకం అరువు అడగండి. "అది కాస్త ఇస్తారా, చూసి ఇచ్చేస్తాను" అంటే చాలామంది ఆ రాత్రే మొదలుపెడతారు. మా పెదనాన్నగారి దగ్గర ఈ ఎత్తు పారలేదు. "రెండు వాల్యూములూ తీసుకుపో, ఇక్కడ చోటు చాలడం లేదు" అన్నారు. ఇప్పుడు అవి నా దగ్గరే ఉన్నాయి, కవరు నేనే విప్పాను.